నొప్పికి కాగితం

ఒక మనిషి "నాకు నొప్పిగా ఉంది" అంటే వినేవాళ్లకి ఆ మాట సరిపోవాలా, ఇంకేమైనా కావాలా? జ్వరమైతే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు, థర్మామీటరు పెడతారు. దెబ్బ తగిలితే రక్తం కనిపిస్తుంది. నొప్పికి మాత్రం దాన్ని పడుతున్న మనిషి మాట తప్ప ముందుగా వేరే సాక్ష్యం ఉండదు. అందుకే నొప్పి గురించిన ప్రశ్న చివరికి ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నే అవుతుంది. ఇంట్లో మాట చెల్లే వాళ్లకి తలనొప్పి వస్తే టీవీ సౌండు తగ్గుతుంది. మాట చెల్లని వాళ్లకి వస్తే "కాసేపు పడుకుంటే అదే పోతుందిలే" అంటారు, ఆ పడుకోవడం కూడా వంటయ్యాకే.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. నాకున్న జబ్బు పేరు అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా. ఆ పేరు 2013లో తెలిసింది. అంతకు ముందు అయిదేళ్లు పేరు లేకుండానే ఆ జబ్బుతో బతికాను. పేరు లేని అయిదేళ్లకీ, పేరున్న ఈ ఏళ్లకీ మధ్య నొప్పి ఏమీ మారలేదు. చుట్టూ ఉన్న మనుషులు మారారు. ఆ మార్పు నాకు మేలే చేసింది గానీ, దాని గురించి ఆలోచించిన కొద్దీ మనసుకి ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు జబ్బు సంగతి. పోర్ఫిరియా అనేది ఒక్క జబ్బు కాదు, కొన్ని జబ్బుల కుటుంబం. ఊదారంగుని చెప్పే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థాన్ని మన ఒళ్లు ఎనిమిది మెట్లలో తయారు చేసుకుంటుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైము పని చేస్తుంది. నాలో మూడో మెట్టు దగ్గర ఉండాల్సిన ఎంజైము సగమే ఉంది. మామూలు రోజుల్లో ఆ సగంతోనే సంసారం గడిచిపోతుంది. కానీ కొన్ని మందులు వాడినప్పుడో, కడుపు మాడ్చుకున్నప్పుడో, హార్మోన్లు మారినప్పుడో లివరు మొదటి మెట్టు దగ్గర వేగం పెంచుతుంది. పైనుంచి సరుకు వచ్చి పడుతూనే ఉంటుంది, మూడో మెట్టు దగ్గర ఆగిపోతుంది. అలా పేరుకుపోయే రెండు పదార్థాల పేర్లు ఏఎల్‌ఏ, పీబీజీ. అప్పుడు దెబ్బ తగిలేది నరాలకి. భరించలేని కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం, గుండెదడ, బీపీ పెరగడం, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, కొందరిలో మాట తడబడడం, ఫిట్స్. సమయానికి గుర్తించకపోతే ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడవచ్చు.

దీన్ని రక్తం జబ్బుల్లో కలిపి చెబుతారు గానీ, ఈ రకంలో గొడవంతా లివరులోనే. మామూలు రక్తపరీక్షల్లో దొరకదు. స్కానింగులో కడుపు శుభ్రంగా కనిపిస్తుంది. డాక్టరు చేత్తో నొక్కి చూస్తే కడుపు మెత్తగానే ఉంటుంది. నొప్పి చూస్తే కొండంత, పరీక్షలు చూస్తే ఏమీ లేదు. ఇంతకంటే అనుమానం తెచ్చిపెట్టే జబ్బు ఇంకొకటి ఉంటుందా!

ఈ జన్యులోపం ఆడా మగా ఇద్దరికీ సమానంగానే వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. లోపం ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఒక్కసారి కూడా నొప్పి రాదు. కానీ నొప్పులు వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అదీ యుక్తవయసు తర్వాత, చాలామందికి ముట్టుకి ముందు రోజుల్లో, ప్రొజెస్టెరాన్ పెరిగినప్పుడు. అంటే ఇది సరిగ్గా "నెలనెలా అందరికీ ఉండేదేగా" అనే రోజుల్లో వస్తుంది. "అందరికీ ఉండేదేగా" అన్న మాట ఎంతమంది ఆడవాళ్ల జబ్బుల మీద దుప్పటి కప్పిందో లెక్క తీసేవాళ్లు లేరు.

నేను 2006లో టెస్టింగ్ ఇంజనీరుగా మాదాపూర్ వచ్చాను. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మా ఊళ్లో దాని ఫోటో పేపర్లో చూసి నాన్న కత్తిరించి దాచారు. ఆ గుండ్రటి భవనం ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్లడం మా ఇంటికి పెద్ద గొప్ప. 2008లో మొదటిసారి నొప్పి వచ్చింది. రెండు మూడు నెలలకోసారి, నాలుగైదు రోజుల పాటు. 2009లో అపెండిక్స్ అని ఆపరేషన్ చేశారు. తీసిన అపెండిక్స్ బాగానే ఉందని వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు. ఒకాయన మా అమ్మని పక్కకి పిలిచి, "అమ్మాయికి ఉద్యోగం ఇష్టం లేదేమో కనుక్కోండి" అన్నారు. ఇంకొకాయన పెళ్లయితే తగ్గుతుందన్నారు. ఆఫీసులో మా మేనేజరు మంచివాడే, ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఒకసారి మాత్రం నవ్వుతూ, "నీ నొప్పికి మన రిలీజ్ డేట్లు ముందే తెలుస్తాయా?" అన్నాడు. టీమంతా నవ్వింది, నేనూ నవ్వాను. రిలీజ్ వారంలో తిండీ నిద్రా లేకుండా పనిచేస్తే నా లివరు మొదటి మెట్టు దగ్గర ఏం చేస్తుందో అప్పుడు అక్కడున్న వాళ్లెవరికీ తెలియదు.

నా పనిలో ఒక మాట రోజూ వాడతాం. ఇంటర్మిటెంట్ బగ్. ఒకసారి కనిపిస్తుంది, మళ్లీ చూద్దామంటే కనిపించదు. కొత్తగా వచ్చిన డెవలపర్లు "నా మెషీన్లో బాగానే ఉంది" అని మూసేస్తారు. అనుభవం ఉన్నవాళ్లు మూయరు. ఎప్పుడు వచ్చింది, అంతకు ముందు ఏం చేశారు, ఎన్నిసార్లు వచ్చింది అని రాసి పెట్టుకుంటారు. కనిపించలేదంటే లేదని కాదు, మనం సరైన చోట చూడలేదని అర్థం. యంత్రాల విషయంలో ఇంత ఓపికగా ఆలోచించే చోట, పక్క సీట్లో మనిషి కడుపు పట్టుకుంటే ఆ ఓపిక ఎటు పోతుందో నాకు అర్థం కాదు. నా జబ్బు పేరులోనూ ఆ ఇంటర్మిటెంట్ అనే మాటే ఉంది.

2013లో మా అత్తగారింటి గృహప్రవేశం. పీటల మీద కూర్చోవాలి కాబట్టి ముట్టు వాయిదా పడేందుకు మాత్రలు తెప్పించారు. మన ఇళ్లలో ఈ మాత్రలు జలుబు మాత్రలంత మామూలు. పెళ్లికి, వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి, చీటీ కూడా లేకుండా మందుల షాపులో ఇస్తారు. వాటిలో ఉండేది ప్రొజెస్టెరాన్‌ని పోలిన హార్మోను. నాలాంటి వాళ్లకి అది నిప్పు మీద నెయ్యి. గృహప్రవేశం అయిన మూడో రోజుకి నేను ఐసీయూలో ఉన్నాను, కాళ్లు కదలడం లేదు. ముట్టయిన ఆడది దేవుడి ముందు కూర్చోకూడదన్న నమ్మకానికి ఒక ఒళ్లు ఎంత మూల్యం కట్టాలో ఆ వారం చూశాను.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు నా మూత్రం సంచి చూసింది. కిటికీ పక్కన వెలుతురులో ఉన్న ఆ సంచి నేరేడుపండు రసం రంగులోకి తిరిగింది. "సాయంత్రం మామూలుగానే ఉంది, నేనే చూశాను" అని డ్యూటీ డాక్టరుతో చెప్పింది. ఆయన ముందు పట్టించుకోలేదు. ఆవిడ రెండోసారి చెప్పింది, మూడోసారి సంచి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. అప్పుడు ఆయన పుస్తకం తెరిచాడు. మూత్రంలో పీబీజీ ఉందేమో చూసే పరీక్ష పెద్ద యంత్రాల పరీక్ష కాదు. వెలుతురు తగలకుండా నల్లకాగితం చుట్టి పంపాలి, అంతే. అయిదేళ్ల స్కానింగులు చెప్పనిది ఆ సీసా చెప్పింది. హీమిన్ అనే అసలు మందు అప్పటికప్పుడు దొరకలేదు. గ్లూకోజు ఎక్కించారు. గ్లూకోజు అందితే మొదటి మెట్టు దగ్గర వేగం తగ్గుతుంది. నేను గోడ పట్టుకోకుండా నడవడానికి మూడు నెలలు పట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నా మాటని నమ్మని వ్యవస్థలో నర్సు మాట కూడా మూడుసార్లు చెబితేగాని చెల్లలేదు. ఇంగ్లండు తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో దీన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. చెప్పేది ఎవరన్నదాన్ని బట్టి, వాళ్ల కులమో రంగో లింగమో బట్టి, మాటకి ఉండాల్సిన విలువ తగ్గించడం. అలా చేస్తే ఆ మనిషికి దక్కాల్సిన వస్తువేదో దక్కకపోవడమే కాదు, తెలిసిన మనిషిగా, తన సంగతి తను చెప్పగల మనిషిగా ఆమెకున్న స్థానమే పోతుంది. మనకి ఇది కొత్త సంగతి కాదు. "ఆడదాని మాటకేం గానీ" అనే ఊతపదం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఫ్రికర్ దానికి అన్యాయం అని పేరు పెట్టింది.

ఈ జబ్బు చరిత్ర చదివితే కూడా ఇదే కనిపిస్తుంది. పోర్ఫిరియా అనగానే చాలామంది ఇంగ్లండు రాజు మూడో జార్జి పేరు చెబుతారు. ఆయన పిచ్చికి ఈ జబ్బే కారణమని 1966లో ఇద్దరు మానసిక వైద్యులు, తల్లీ కొడుకులు, ప్రతిపాదించారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ వాదాన్ని గట్టిగానే ప్రశ్నించారు. అయినా రాజు పేరు జబ్బుని వదల్లేదు. మరి ఈ జబ్బు గురించి వైద్యశాస్త్రంలో తొలిగా నమోదైన మనిషి ఎవరు? 1889లో డచ్చి వైద్యుడు స్టాక్విస్ రాసిన ఒక ముసలావిడ. సల్ఫోనాల్ అనే నిద్రమందు వాడాక ఆమె మూత్రం ముదురు ఎరుపుకి తిరిగింది, తర్వాత ఆమె చనిపోయింది. ఊహ మీద ఆధారపడిన రాజు కథ అందరికీ తెలుసు. ఒంటితో సాక్ష్యం చెప్పిన ముసలావిడ ఎవరికీ తెలియదు.

హిస్టీరియా అన్న మాట గర్భసంచిని చెప్పే గ్రీకు మాట నుంచి పుట్టిందని మనకి తెలుసు. పోర్ఫిరియా ఉన్నవాళ్లకి పడిన తప్పుడు పేర్లలో హిస్టీరియా పాతది. ఇంకో రకం పోర్ఫిరియా దక్షిణాఫ్రికాలో వేలమందికి ఉంటే, జెఫ్రీ డీన్ అనే వైద్యుడు కుటుంబాల వంశవృక్షాలు వెతుక్కుంటూ వెళ్లి, 1688లో కేప్‌లో పెళ్లి చేసుకున్న ఒక డచ్చి జంట దగ్గర తేలాడు. ఆ పెళ్లికూతురు అక్కడి వలసదారులకి భార్యలుగా పంపేందుకు రోటర్‌డామ్ అనాథాశ్రమం నుంచి ఓడెక్కించిన పిల్లల్లో ఒకతె. ఆ అమ్మాయిని ఎవరైనా ఇష్టం అడిగారా అన్నది వంశవృక్షంలో ఉండదు.

ఇసబెల్ అయెందే నవలలు చదివినవాళ్లకి పౌలా గుర్తుంటుంది. ఆమె కూతురు పౌలా పోర్ఫిరియాతో 1991 డిసెంబరులో మాడ్రిడ్ ఆసుపత్రిలో కోమాలోకి వెళ్లి, ఏడాది తర్వాత 1992 డిసెంబరులో చనిపోయింది. మంచం పక్కన కూర్చుని తల్లి రాసుకున్నదే తర్వాత పుస్తకమయింది. కూతురి గొంతు ఆగిపోయాక తల్లి మాట్లాడింది. మా ఇంట్లో ఇది తిరగబడింది. కూతురి ఒళ్లు మాట్లాడాకే తల్లి సంగతి బయటికొచ్చింది.

మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మకి "ఆ నొప్పి" ఉండేది. నెలకోసారి మంచం పట్టేది. మా నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఊళ్లో ఆడవాళ్లు "ఆవిడకి పనంటే ఒళ్లు బరువు" అనుకునేవారు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, వైశాఖంలో ఏవో నోములు, అమ్మ ఉపవాసాలకి లెక్కలేదు. ఉపవాసం లేని రోజున కూడా అందరూ తిన్నాక మిగిలింది తినేది. ఉపవాసం తర్వాత నొప్పి వచ్చేది. నొప్పి తగ్గాలని మళ్లీ ఒక ఉపవాసం మొక్కుకునేది. ముప్ఫై నాలుగో ఏట గర్భసంచి, దాంతోపాటు అండాశయాలు తీసేశారు. నొప్పులు తగ్గాయి. చూశారా, గర్భసంచి జబ్బే అని అందరూ తేల్చేశారు. నిజానికి తగ్గింది నెలనెలా జరిగే హార్మోన్ల ఎగుడుదిగుడు. జబ్బు ఉన్నచోటే ఉంది.

ఇది మా అమ్మ ఒక్కదాని కథే అయితే రాసేదాన్ని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వాళ్లందరికీ పోర్ఫిరియా ఉందని నేననడం లేదు. పోర్ఫిరియా అరుదైన జబ్బే. ఆడదాని కడుపులో నొప్పికి కారణం వెతకడం కంటే, నొప్పి ఉందన్న అవయవాన్నే తీసేయడం మన దగ్గర సులువైపోయింది అంటున్నాను. నమ్మకపోవడం ఎప్పుడూ "అబద్ధం" అనే రూపంలోనే ఉండదు. ఒక్కోసారి తొందరపాటు వైద్యం రూపంలో కూడా ఉంటుంది.

నాకు నిర్ధారణ అయ్యాక దగ్గరి బంధువులని పరీక్ష చేయించుకోమన్నారు. అమ్మకి ఆ జన్యులోపం ఉందని తేలింది. రిపోర్టు చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నాదీ నిజం నొప్పేనన్నమాట" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. నలభై ఏళ్లు తన ఒంట్లో పడ్డ నొప్పి నిజమో కాదో తెలియడానికి ఆమెకి హైదరాబాదు నుంచి ఒక కాగితం కావలసి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నమ్మకపోతే, కొంతకాలానికి మనమే మనల్ని నమ్మడం మానేస్తాం. నమ్మకపోవడం వల్ల జరిగే అసలు నష్టం ఇదనుకుంటాను. వైద్యం ఆలస్యమైతే ఎప్పుడో ఒకప్పుడు అందుతుంది. తన అనుభవం మీద తనకి పోయిన నమ్మకాన్ని ఎవరు తెచ్చిస్తారు?

ఇప్పుడు నా ఇబ్బంది దగ్గరికి వస్తాను. కాగితం వచ్చాక ఆఫీసులో అంతా మారిపోయింది. ఇంటి నుంచి పనిచేసుకోమన్నారు. రిలీజ్ వారాల్లో రాత్రిళ్లు పిలవడం మానేశారు. "అప్పుడే చెప్పి ఉంటే..." అన్నారు. చెప్పకేం, అయిదేళ్లు చెప్పాను. అప్పుడు నేను చెప్పింది నొప్పి. ఇప్పుడు కాగితం చెబుతున్నది జబ్బు. నొప్పికి విలువ లేదు, జబ్బుకి ఉంది. నేను "నిజమైన" వాళ్లలో చేరిపోయాను. ఒకరిని నిజమైన వాళ్లంటున్నామంటే, మిగతావాళ్లు నటిస్తున్నారని అన్నట్టే కదా.

మా ఫ్లోరులో హౌస్‌కీపింగ్ చేసే ఒకామెది పాలమూరు. ఒకరోజు వాష్‌రూములో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "కడుపుల మెలివెట్టినట్టు అయితుంది మేడం. ఇగ లేస్త, సూపర్‌వైజర్ జూస్తే నాటకాలంటడు" అంది. ఆ రోజు ఆమె వెళ్లిపోతే ఒక రోజు కూలి పోతుంది. ఆమెకి ఏ జబ్బూ లేకపోవచ్చు, వట్టి ముట్టునొప్పే కావచ్చు. అయితే మాత్రం ఏం? నా నొప్పికి గ్రీకు పేరు ఉన్నందువల్ల అది ఆమె నొప్పి కంటే ఎక్కువ నిజం ఎలా అవుతుంది? నాకు ఇన్సూరెన్సు కార్డు, ఇంగ్లీషు, అయిదేళ్లు ఆసుపత్రులు తిరిగే స్తోమత ఉన్నాయి కాబట్టి కాగితం దొరికింది. కాగితం ఉన్నవాళ్లనే నమ్మాలనే పద్ధతి నడిస్తే, నొప్పి కూడా చదువున్న వాళ్ల ఆస్తి అయిపోతుంది.

చట్టం కూడా కాగితాల జాబితాలతోనే నడుస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. రక్తానికి సంబంధించి తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, పోర్ఫిరియా లేదు. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో మాత్రం మా జబ్బు పేరు, హీమిన్ మందు పేరు ఉన్నాయి. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి. 2022లో ఒక్కొక్కరికి 50 లక్షల రూపాయల దాకా సాయం చేయొచ్చని పరిమితి పెంచారు. ఇవి చిన్న విషయాలు కావు, వీటి కోసం ఎందరో తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరిగారు. నేను కాగితాలకి వ్యతిరేకిని కాదు. మందు ఇవ్వాలంటే జబ్బు ఏదో తెలియాలి. రుజువు వైద్యానికి కావాలి. గౌరవానికి కూడా రుజువు అడగడమే నాకు అభ్యంతరం.

దీనికి ఎదురు ప్రశ్నలు ఉన్నాయి, నాతో చాలామంది వాదించారు. అందరి మాటా నమ్మేస్తే దొంగ సెలవులు పెట్టేవాళ్ల సంగతేమిటి? ఉంటారు. కానీ రెండు వైపులా నష్టం తూచి చూద్దాం. అబద్ధం చెప్పిన మనిషిని నమ్మితే ఆఫీసుకి పోయేది ఒక రోజు పని. నిజం చెప్పిన మనిషిని నమ్మకపోతే నాలాంటి వాళ్లకి కాళ్లు పడిపోవచ్చు, ఊపిరి ఆగిపోవచ్చు. ఏ తప్పు చేసే ప్రమాదాన్ని భరించాలో ఎంచుకోవడం కూడా నైతిక నిర్ణయమే. సంస్థలు ఎప్పుడూ తమ నష్టం తక్కువయ్యే వైపే ఎంచుకుని, దానికి క్రమశిక్షణ అని పేరు పెడతాయి.

ఇంకో ప్రశ్న దీనికంటే గట్టిది. డాక్టరు అన్నాక అనుమానించాలి కదా, రోగి చెప్పిందల్లా నమ్మితే వైద్యం ఎలా చేస్తాడు? నిజమే. నా అపెండిక్స్ తీసేసిన డాక్టరు నా నొప్పిని నమ్మాడు, దాని కారణాన్ని మాత్రం తగినంత అనుమానించలేదు. ఉద్యోగం ఇష్టం లేదేమో అన్న డాక్టరు కారణం జోలికే పోలేదు, నన్ను అనుమానించాడు. ఈ రెండూ ఒకటి కావు. కారణాన్ని అనుమానించడం వేరు, మనిషిని అనుమానించడం వేరు. మొదటిది ఇంకో పరీక్షకి దారి తీస్తుంది. రెండోది పరీక్షలని ఆపేస్తుంది. మా నర్సు చేసింది మొదటిది. ఆమె నా మాటని నమ్మింది కాబట్టే సంచి రంగుని అనుమానించింది. నమ్మకం ఉన్నచోటే వెతుకులాట మొదలవుతుంది.

నొప్పిని చెప్పడానికి భాష చాలదని వర్జీనియా వూల్ఫ్ 1926లో అనారోగ్యం మీద రాసిన వ్యాసంలో ఇంగ్లీషు గురించి ఫిర్యాదు చేసింది. తెలుగుకి ఆ పేదరికం లేదు. పోటు, సలుపు, తీపు, మంట, నులి, మెలి, పీకు, గుంజు, కలుక్కుమనడం, జివ్వుమనడం, దేవినట్టు ఉండడం. మా అమ్మ తన నొప్పిని "తడిబట్ట పిండినట్టు" అనేది. పిండి వదలడం, మళ్లీ పిండడం. నరాల నుంచి వచ్చే నొప్పిని అంతకంటే బాగా చెప్పిన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ మాటలన్నీ ఎక్కువగా ఆడవాళ్లు ఆడవాళ్లతో చెప్పుకుంటూ దాచిన మాటలు. ఆసుపత్రికి వెళ్తే మాత్రం "పదికి ఎంత?" అని అడుగుతారు. ఎనిమిది అంటే ఎక్కువ చేస్తున్నారనుకుంటారు. అయిదంటే ఇంటికి పంపేస్తారు. మన దగ్గర మాటల కొరత లేదు, వినేవాళ్ల కొరత ఉంది.

ఇప్పుడు ఎలా ఉన్నావని అడుగుతారు. జాగ్రత్తగా ఉన్నాను. వేళకి తింటాను, అన్నం మానను. 2017, 18 ప్రాంతంలో తెలుగు రాష్ట్రాలంతా అన్నం మానేసే డైట్ల మీద పడినప్పుడు మా ఫుడ్‌కోర్టులో అన్నం ప్లేటు పెట్టుకుని కూర్చున్న నన్ను వింతగా చూసేవారు. పూజల్లో ఉపవాసం ఉండను. "దేవుడికి ఒక్కరోజు ఓర్చుకోలేవా" అన్న పెద్దమ్మకి, దేవుడు నాకు సగం ఎంజైమే ఇచ్చాడు పెద్దమ్మా, మిగతా సగం అన్నంతో సర్దుకుంటున్నాను అని చెప్పాను. బ్యాగులో గ్లూకోజు పొడి, వాడకూడని మందుల జాబితా ఉంటాయి. సల్ఫా మందులు, కొన్ని ఫిట్స్ మందులు, ఆ వాయిదా మాత్రలు అన్నీ అందులో ఉన్నాయి. ఏడాదికోసారి లివరు, కిడ్నీలు చూపించుకోవాలి, ఈ జబ్బు దీర్ఘకాలంలో వాటిని కూడా తాకుతుంది. నొప్పుల్ని తగ్గించే గివోసిరాన్ అనే ఇంజెక్షన్‌కి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ధర ఏడాదికి లక్షల డాలర్లు. దాని గురించి చదవడం వరకే మా పని.

కాగితానికి రెండో అంచు కూడా ఉంది. నా జబ్బు సంగతి తెలిశాక మా పిన్ని కూతురి పెళ్లి సంబంధం ఒకటి వెనక్కి పోయింది. ఆ అమ్మాయికి ఏ లోపమూ లేదు, పరీక్షలో తేలింది కూడా. ఆడపిల్ల నొప్పిని నమ్మడానికి అయిదేళ్లు, వంద పరీక్షలు కావలసి వచ్చాయి. ఆడపిల్లలో లోపం ఉందని నమ్మడానికి మాత్రం ఒక్క పుకారు చాలింది. నమ్మకం అనేది ఎప్పుడు ఇస్తారు, ఎప్పుడు ఇవ్వరు అన్నదాంట్లోనే అధికారం ఎవరిదో తెలుస్తుంది.

ఇది చదివేవాళ్లలో డాక్టర్లు ఉండొచ్చు, టీముల్ని నడిపేవాళ్లు ఉండొచ్చు, అత్తగార్లూ కోడళ్లూ ఉండొచ్చు. అందరినీ పోర్ఫిరియా గుర్తుపెట్టుకోమని అడగను, గుర్తుంటే మంచిదే. అంతుపట్టని కడుపునొప్పితో మళ్లీ మళ్లీ వచ్చే ఆడమనిషికి ఆ ఒక్క మూత్రపరీక్ష రాయమని మాత్రం డాక్టర్లని అడుగుతాను. మిగతావాళ్లని అడిగేది అంతకంటే చిన్నది. ఎవరైనా నొప్పి అన్నప్పుడు మన నోటికి మొదట వచ్చే ప్రశ్న "నిజమా?" కాకుండా "ఎక్కడ? ఎప్పట్నుంచి?" అయితే చాలు. ఆ తర్వాత కారణాన్ని ఎంతైనా అనుమానించండి. నల్లకాగితం చుట్టి ఎన్ని సీసాలైనా పంపండి. ఆ కాగితాలు వచ్చేలోగా ఆమెని కూర్చోబెట్టండి, తినడానికేమైనా పెట్టండి.